వకాల్తా

అడగకుండా ఒకరి తరఫున నోరు చేసుకున్నవాణ్ణి తెలుగులో మందలించాలంటే ఒక్క మాట చాలు: 'ఏం, వాడి వకాల్తా పుచ్చుకున్నావా?' ఈ మాటను మెచ్చుకోలుగా వాడగా నేను ఎప్పుడూ వినలేదు. మరిదిని వెనకేసుకొచ్చే వదినకూ, పార్టీ నాయకుడి తరఫున టీవీలో గొంతు చించుకునే అనుచరుడికీ, తమ్ముడి తప్పు కప్పబోయే అన్నకూ ఇదే దెబ్బ. కోర్టులో వకాల్తా లేకపోతే మాట్లాడనివ్వరు. ఊళ్లో వకాల్తా ఉన్నట్టు మాట్లాడితే ఊరుకోరు. ఒకే మాటకు ఆవరణ లోపల ఒక విలువ, గేటు బయట ఇంకో విలువ.

మాట అరబ్బీది, పారశీ మీదుగా దక్కనుకు వచ్చింది. మూలధాతువుకు అర్థం అప్పగించడం, భారం ఇంకొకరి మీద వేయడం. దైవం మీద భారం వేసి ఊరుకోవడాన్ని ముస్లింలు 'తవక్కుల్' అంటారు, అదీ ఈ ధాతువులోనిదే. అల్లాకు చెప్పే తొంభైతొమ్మిది నామాల్లో 'అల్ వకీల్' ఒకటి. నిఖాలో పెళ్లికూతురి తరఫు వకీలు లోపలికి వెళ్లి, ఆమె ఒప్పుకోలు అడిగి తెలుసుకుని, బయట ఖాజీకి చెబుతాడు. ఆమె నోటిమాటను మోసుకొచ్చేంత వరకే ఆయన పని, సొంత కవిత్వం కుదరదు. మొగలాయీ, మరాఠా దర్బారుల్లో వకీలంటే ఒక ప్రభువు ఇంకో ప్రభువు కొలువులో ఉంచిన రాయబారి. నల్లకోటు వకీలు వీళ్లందరి తర్వాత వచ్చినవాడు.

మిగతా పేర్లు చూడండి. అడ్వకేటు అనే మాట వెనక లాటిన్‌లో 'సాయానికి పిలిపించుకున్నవాడు' అన్న అర్థం ఉంది. వకీలు అప్పగింత పుచ్చుకున్నవాడు. రెండు మాటల్లోనూ రెండో మనిషి, అంటే పిలిచినవాడో అప్పగించినవాడో, కనబడకుండా కూర్చుని ఉన్నాడు. మనం గంభీరంగా ఉంటుందని తయారుచేసుకున్న 'న్యాయవాది'లో మాత్రం ఆ మనిషి లేడు. న్యాయం ఉంది, వాదించేవాడు ఉన్నాడు, ఎవరి కోసమో మాట చెప్పదు. తెలంగాణలో పల్లె జనం ఇప్పటికీ 'వకీలు సాబ్' అంటారు. నా ఓటు వాళ్లకే.

వకాలత్‌నామా అనే కాగితాన్ని దగ్గర పెట్టుకుని చదివినవాళ్లు తక్కువ. సంతకం పెట్టేవాళ్లు అసలు చదవరు. అచ్చు ఫారం. పైన కోర్టు పేరు, కేసు నంబరు కోసం ఖాళీ, కింద కక్షిదారు సంతకమో వేలిముద్రో, పక్కన వకీలు 'స్వీకరించాను' అని చేసే సంతకం, మీద వెల్ఫేర్ స్టాంపు. ముద్దాయి జైల్లో ఉంటే ఆ వేలిముద్ర తనదేనని జైలు అధికారి ధ్రువీకరించాలి. మధ్యలో సన్నటి అక్షరాల్లో మామూలుగా ఒక షరతు ఉంటుంది: నా తరఫున ఈ వకీలు చేసేవన్నీ నేను స్వయంగా చేసినట్టే భావించి ఒప్పుకుంటాను అని. సివిలు దావాల కోసం పుట్టిన షరతు అది. పొలం గట్టు తగాదాలో వకీలు వాయిదా మరిచిపోతే నష్టం పొలం వరకే. హత్యకేసులో అదే అచ్చు ఫారం మీద అదే వేలిముద్ర పడుతుంది. వకీలు చేసినవన్నీ నావే, సరే. ఆయన చేయనివి? అడగని ప్రశ్న, పిలవని సాక్షి, చదవని పోస్టుమార్టం రిపోర్టు, ఇవి ఎవరి ఖాతాలో పడతాయి? ఫారంలో వాటికి గడి లేదు.

తరఫున మాట్లాడేవాడు కనబడని కేసు ఒకటి మనకు పాతకథగా తెలుసు. ఖమ్మం నుంచి కోదాడ వెళ్లే దారిలో ఇరవై కిలోమీటర్లు దాటాక నేలకొండపల్లి వస్తుంది. భక్త రామదాసుగా లోకానికి తెలిసిన కంచర్ల గోపన్న పుట్టిన ఊరు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ తానీషా అబుల్ హసన్ కింద పాల్వంచ పరగణాకు తహసీల్దారు. మేనమామలు అక్కన్న మాదన్నలు దర్బారులో పెద్దలు. సర్కారుకు కట్టాల్సిన శిస్తు భద్రాద్రి గుడికీ నగలకూ ఖర్చు పెట్టాడన్నది అభియోగం, శిక్ష ఖైదు. సంప్రదాయం చెప్పేది పన్నెండేళ్లు. గోల్కొండ కోటలో ఆయన్ను ఉంచారనే కొట్టు గోడ మీద చెక్కిన దేవతామూర్తులు ఈనాటికీ ఉన్నాయి.

ఈ కథను భక్తికథగా విని విని, ఇందులో ఒక క్రిమినల్ కేసు ఉందన్న సంగతి మరిచిపోయాం. దాన్ని కేసుగా చదివితే మొదట కనబడేది లోటు: కచేరీలో గోపన్న తరఫున ఎవరు మాట్లాడారో కథ చెప్పదు. మేనమామల సిఫారసు ఉద్యోగం దాకా వచ్చిందంటారు. సిఫారసు వేరు, వకాల్తా వేరు. సిఫారసు చేసేవాడు తన పలుకుబడిని వాడతాడు. వకాల్తా పుచ్చుకున్నవాడు ఎదుటివాడి కష్టాన్ని తన నోట్లో పెట్టుకోవాలి. బంధువు దర్బారులో పెద్దవాడైనకొద్దీ మొదటిది తేలిక, రెండోది కష్టం. ఎందుకు కష్టమో ఏ ఆఫీసులో పనిచేసినవాళ్లకైనా చెప్పనక్కర్లేదు.

కచేరీలో జరగని వాదన కీర్తనల్లో జరిగింది. ఒక కీర్తనలో గోపన్న లెక్క ఒప్పజెబుతాడు. సీతమ్మకు చేయించిన చింతాకు పతకం, లక్ష్మణుడికి చేయించిన ముత్యాల పతకం, దేనికెంత పట్టిందో వరసగా చెప్పి, ఇవన్నీ ఎవరబ్బ సొమ్మని కులుకుతున్నావని దేవుణ్ణే నిలదీస్తాడు. తర్వాత దెబ్బలకోర్వలేక తిట్టానని సర్దుకుంటాడు. విద్వాంసులు దాన్ని నిందాస్తుతి అంటారు. నాకది డిఫెన్సు స్టేట్‌మెంటులా వినిపిస్తుంది. సొమ్ము ఇలా ఖర్చయింది, వస్తువులు ఇవిగో, అనుభవిస్తున్నది నేను కాదు అని చెప్పడమేగా అది. తహసీల్దారు చేసిన మనిషి గనక లెక్క తప్పలేదు. ఇంకో కీర్తనలో నేరుగా రాముడికి మొరపెట్టుకోవడం మాని సీతమ్మను పట్టుకుంటాడు. నా మాట నువ్వు చెప్పమంటాడు. చెప్పమని ఊరుకోడు, ఏ వేళ చూసి కదపాలో కూడా చెబుతాడు: ఇద్దరూ ఏకాంతంగా ఉన్నప్పుడు. వకీలుకు సూచనలు ఇవ్వడమంటే ఇదే. తన కేసు తనకు తెలిసినంతగా వకీలుకు తెలియదని ఎరిగిన కక్షిదారు ఆయన.

చివరికి రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో ఇద్దరు వచ్చి తానీషాకు ఆరు లక్షల మొహరీలు కట్టి రసీదు పుచ్చుకున్నారని కథ. ఖైదీ విడుదలయ్యాడు. గమనించండి, అభియోగం తప్పని ఎవరూ తేల్చలేదు. శిక్ష కొట్టివేయలేదు. బాకీ తీరింది, అంతే. అప్పీలు గెలవడానికీ, బకాయి కట్టి బయటికి రావడానికీ మధ్య ఉన్న తేడా భక్తులకు పట్టదు. పట్టాల్సిన అవసరమూ లేదేమో. గోపన్నకు మాత్రం పట్టి ఉండాలి. లెక్కలన్నీ చెప్పుకున్న మనిషి ఆయన.

రెండున్నర శతాబ్దాలు దాటాక పక్క జిల్లాలోనే, ముద్దాయి తరఫున ఎవరు మాట్లాడారన్న ప్రశ్న మళ్లీ లేచింది, ఈసారి దేవుడి ఊసు లేకుండా. హైదరాబాదు సంస్థానంలో 1948 పోలీసు చర్య తర్వాత మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి సైనిక ప్రభుత్వం తెలంగాణ సాయుధ పోరాట కేసుల కోసం ప్రత్యేక ట్రిబ్యునళ్లు పెట్టింది. 1949లో నల్లగొండ ట్రిబ్యునలు కొందరు రైతు కార్యకర్తలకు ఉరిశిక్ష వేసింది, హైదరాబాదు హైకోర్టు ఆ డిసెంబరులో ఖాయం చేసింది. మరో నెలన్నరకు, 1950 జనవరి 26న, రాజ్యాంగం వచ్చింది. అంతకుముందే వెలువడిన హైకోర్టు తీర్పు మీద సుప్రీంకోర్టులో అప్పీలు కుదరదన్నారు. మిగిలింది హెబియస్ కార్పస్ దారి, అంటే నిర్బంధమే చట్టవిరుద్ధమని కోర్టుకెక్కడం. జనార్దన్ రెడ్డి వర్సెస్ హైదరాబాదు రాజ్యం అనే ఆ కేసులో 1951 మార్చిలో తీర్పు వచ్చింది. ఖైదీల తరఫున వాదించడానికి లండన్ నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చారు. ప్రాణాల మీదికి వచ్చిన విచారణలో నల్లగొండ వకీలు ఒక్కడూ లేడు, ప్రాణం పోయే ముందు మాత్రం సముద్రాలు దాటి బారిస్టరు వచ్చాడు. వకాల్తా ఎప్పుడు అందుతుందన్నది ఎంత పెద్ద విషయమో ఈ ఒక్క కేసు చూస్తే తెలుస్తుంది.

ప్రిట్ బృందం ఎత్తిచూపిన వాటిలో ముఖ్యమైనది ఇది: మా వాళ్లు వకీలును పెట్టుకునే అవకాశం లేకుండానే విచారణ ముగించారు. అందుకు అమెరికాలో 1932 నాటి పావెల్ వర్సెస్ అలబామా కేసు చూపించారు. అది స్కాట్స్‌బరోలో తొమ్మిదిమంది నల్లజాతి కుర్రాళ్ల కేసు. అక్కడి జడ్జి వాళ్లకు వకీలును ఇవ్వలేదని అనడానికి లేదు, ఊళ్లోని వకీళ్లందరినీ కలిపి నియమించాడు. అందరికీ అప్పగించడమంటే ఎవరికీ అప్పగించకపోవడమే. పెళ్లివారింట్లో అందరూ చూస్తారులే అనుకున్న పాలు పొంగిపోయినట్టు, ఆ ముద్దాయిలు పట్టించుకునే దిక్కులేక మిగిలారు. అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. మన సుప్రీంకోర్టు మాత్రం ఆ సూత్రాన్ని ఇక్కడికి తేలేమంది. ట్రిబ్యునలు తానే పూనుకుని వకీలును ఏర్పాటు చేసి ఉండాల్సిందని ఒప్పుకుంది. కానీ వకీలు లేనంతమాత్రాన విచారణే చెల్లకుండా పోదనీ, హెబియస్ కార్పస్‌లో తేల్చే సంగతి కాదనీ పిటిషన్లు కొట్టేసింది. తర్వాత ఆ ఉరిశిక్షలు అమలు కాకుండా యావజ్జీవంగా మారాయి, అది కోర్టు చేసిన పని కాదు. 'చేసి ఉండాల్సింది, అయినా' అనే ఈ వాక్యనిర్మాణం మన న్యాయశాస్త్రంలో చాలాకాలం నిలిచింది.

మారింది, కాదనను. 1976లో రాజ్యాంగానికి 39ఎ అధికరణం చేరింది. 1979 హుస్సేనారా ఖాతూన్ తీర్పు ఉచిత న్యాయసహాయం జీవించే హక్కులో భాగమంది. 1986లో అరుణాచల్‌కు చెందిన సుక్‌దాస్ కేసులో, ముద్దాయి అడగకపోయినా అలాంటి హక్కు ఉందని అతనికి చెప్పాల్సిన పూచీ కోర్టుదేనని, చెప్పలేదు గనక శిక్ష చెల్లదని అన్నారు. 1951తో పోలిస్తే ఇది పెద్ద మలుపు. అడగనివాడికీ వకీలు ఉంటాడన్నమాట. 2019లో మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన అనోఖీలాల్ కేసు మరీ చిత్రం. న్యాయసహాయ వకీలును నియమించిన రోజే అభియోగాలు ఖరారు చేశారు, రెండు వారాల్లోపు ఉరిశిక్ష పడింది. సుప్రీంకోర్టు ఆ విచారణను రద్దుచేసి, ఉరి గానీ యావజ్జీవం గానీ పడే కేసుల్లో కనీసం పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లనే పెట్టాలని, తయారయ్యేందుకు ఏడు రోజులైనా ఇవ్వాలని చెప్పింది. 2022 నుంచి జాతీయ న్యాయసేవల సంస్థ (నల్సా) పథకం కింద జిల్లాల్లో జీతం మీద పనిచేసే డిఫెన్సు వకీళ్లు వస్తున్నారు. ఇవన్నీ వకీలు లేకపోవడానికి మందు.

వకీలు ఉండీ లేకపోవడం వేరే జబ్బు. దానికి మన దగ్గర సరైన పేరు కూడా లేదు. అమెరికావాళ్లు 1984 నాటి స్ట్రిక్‌లాండ్ తీర్పులో రెండు మెట్ల పరీక్ష పెట్టారు. వకీలు పని ప్రమాణానికి తగ్గిందని ఒకటి, ఆ లోపం లేకుంటే ఫలితం మారి ఉండేదనడానికి తగినంత అవకాశం ఉందని రెండోది. రెండూ చూపించాలి. ఆ రెండో మెట్టు దగ్గరే ఎక్కువమంది జారతారు. ఇక్కడ 2014 ఢిల్లీ క్యాబ్ అత్యాచారం కేసులో, మొదటి వకీలు సరిగా చేయలేదు గనక సాక్షుల్ని మళ్లీ పిలిపించండని కొత్త వకీలు అడిగితే, ఢిల్లీ హైకోర్టు ఒప్పుకున్నా 2015లో సుప్రీంకోర్టు కాదంది. వకీలు మారినంతమాత్రాన సాక్షుల్ని మళ్లీ బోనెక్కించడం కుదరదంది. ఆ బాధితురాలి వైపు నుంచి చూస్తే ఆ మాటలో న్యాయం ఉంది, ఎన్నిసార్లు చెప్పించుకుంటారు ఆమెతో? కాబట్టి దీన్ని ముద్దాయి వైపు ఒక్కదాని నుంచే చూసి తేల్చేసే తొందర నాకు లేదు.

కానీ చిక్కు ఎక్కడుందో చెప్పాలి. అప్పీలు అంటే రికార్డు మీద వాదన. కింది కోర్టులో సాక్షి చెప్పిందేమిటి, చూపిన కాగితాలేమిటి, అవి కుట్టిన కట్ట పైకోర్టుకు వస్తుంది. సాక్షి వాంగ్మూలం కింద, ముద్దాయి తరఫు ప్రశ్నలు ఉండాల్సిన చోట, 'క్రాస్: నిల్' అని ఉంటే పైకోర్టుకు కనబడేది ఆ రెండు మాటలే. ఆ చోట ఏ ప్రశ్న పడి ఉండాలో, పడితే సాక్షి ఎక్కడ తడబడేవాడో కట్టలో ఉండదు. తప్పు చేసిన వకీలు గుర్తు మిగులుస్తాడు. పని చేయని వకీలు ఖాళీ మిగులుస్తాడు. ఖాళీని సాక్ష్యంగా పెట్టడం ఎలాగో ఏ చట్టమూ సరిగా చెప్పలేదు. పైగా అప్పీలు రాసే కొత్త వకీలు పాత వకీలు మీద నేరుగా రాయడానికి మొహమాటపడతాడు. ఇద్దరూ ఒకే బార్ మెట్లెక్కేవాళ్లు. పోలీసు దర్యాప్తులో లోపాలని, సాక్షుల మాటల్లో పొంతన లేదని నాలుగు పేజీలు రాస్తాడు. ఆ లోపాల్ని అప్పుడే ఎందుకు పట్టలేదన్నది రాయడు.

ఇక్కడ ఇంకో మాట దగ్గర ఆగాలి. దిక్కులేని ముద్దాయికి కోర్టు తానే ఇచ్చే వకీలును కొన్నిచోట్ల 'అమికస్ క్యూరీ' అంటారు. లాటిన్‌లో కోర్టు స్నేహితుడు అని. ఉరికంబం ఎదుట నిలబడ్డవాడికి ఒక మనిషిని ఇచ్చి, అతను నీకు కాదు, నాకు స్నేహితుడు అనడం. నియమించేవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు, మాట మాత్రం గుట్టు విప్పేస్తోంది. అప్పగించింది ముద్దాయి కాదు, కోర్టు. వకాలత్‌నామా మీద వేలిముద్ర ఉండదు. అప్పగింత లేని వకాల్తా అది.

'ముద్దాయి' సంగతీ అంతే. అరబ్బీలో 'ముద్దయీ' అంటే దావా వేసినవాడు, హక్కు ఉందని చెప్పుకునేవాడు. మన 'దావా'కూ దీనికీ ధాతువు ఒక్కటే. ఎవరి మీద దావా వేశారో అతన్ని చెప్పాలంటే వెనకాల ఇంకో పదం తగిలించాలి, 'ముద్దాఅలైహ్' అనాలి. ఉర్దూలో ఇప్పటికీ అలాగే. తెలుగులో ఆ తోక ఊడిపోయిందో, మరేం జరిగిందో, అడిగేవాడి పేరు అడిగించుకునేవాడికి అంటుకుంది. హక్కు చెప్పుకునే మనిషి కాస్తా బోనులో నిలబడ్డ మనిషి అయ్యాడు. భాష కావాలని చేసిన వ్యంగ్యం కాదు ఇది, నోళ్లలో నలిగి జరిగింది. అయినా శిక్షపడ్డవాడు అప్పీలు వేసినప్పుడు ఆ పాత అర్థం ఒక్కసారి అతని దగ్గరికి తిరిగి వస్తుంది. అప్పుడతను నిజంగానే ముద్దయీ, ఏదో ఒకటి తనకు దక్కలేదని చెప్పుకునేవాడు.

నేలకొండపల్లికి ఇంకో కథ ఉంది. ఊరి దగ్గరున్న పాత దిబ్బను విరాటరాజు దిబ్బ అంటారు, దగ్గర్లో కీచక గుండం అనీ ఒకటి ఉంది. విరాటుడి రాజధాని తమదేనని చెప్పుకునే ఊళ్లు దేశంలో మరికొన్ని ఉన్నాయి. తవ్విన పురావస్తు శాఖకు ఈ చుట్టుపక్కల దొరికింది బౌద్ధస్తూపం. ఆ తగాదా నాకక్కర్లేదు. ఊరు విరాటుడి సభను తనదిగా ఎంచుకుంది, అది చాలు.

ఆ సభలో ఏం జరిగింది? కీచకుడు తరుముకొస్తే, సైరంధ్రి వేషంలో ఉన్న ద్రౌపది సభలోకి పరుగెత్తింది. రాజు కళ్లెదుటే కీచకుడు ఆమెను తన్నాడు. ఆమె మొరపెట్టుకుంది. విరాటుడు ఇచ్చిన జవాబు భారతంలో ఉంది: మీ ఇద్దరి మధ్య చాటున ఏం జరిగిందో నాకు తెలియదు, తెలియకుండా ఏం చెప్పను అని. రికార్డులో లేదన్నమాట. ఆ తన్ను మాత్రం రికార్డులోనే ఉంది, సభంతా చూసింది. దానిని పట్టించుకోకుండా, చాటున జరిగినదాని గురించి మాట్లాడాడు. ఖాళీని చూపించి ఉన్నదాన్ని కొట్టేయడం అంత పాతది.

ఆమె తరఫున మాట్లాడవలసినవాడు ఆ సభలోనే ఉన్నాడు. కంకుభట్టు వేషంలో ధర్మరాజు. అంతకన్నా గట్టి వకాల్తా ఎవరికుంటుంది, భర్త. కానీ అది దాఖలు చేస్తే అజ్ఞాతవాసం బయటపడుతుంది, మళ్లీ పన్నెండేళ్లు అడవి. అందుకని ఆయన నోరు విప్పి అన్నదేమిటంటే, ఇక్కడ నిలబడి నాట్యకత్తెలా ఏడవకు, రాజుగారి జూదానికి అడ్డం, లోపలికి పో అని. ఆయనకూ కారణముంది. పని చేయని ప్రతి వకీలుకూ ఏదో ఒక కారణం ఉంటుంది. చాలాసార్లు అది నిజమైన కారణమే: చేతిలో వంద కేసులు, నెలల తరబడి రాని ఫీజు, ముందురోజు సాయంత్రం అందిన కాగితాలు. కక్షిదారుకు ఆ కారణాలతో పనిలేదు.

ద్రౌపది ఆ సభకు రెండోసారి మొరపెట్టుకోలేదు. ఆ రాత్రి వంటశాలకు వెళ్లి నిద్రపోతున్న భీముణ్ణి లేపింది. జరిగినదంతా మొదట్నించీ చెప్పింది, సభలో చెప్పనిచ్చినదానికన్నా ఎంతో ఎక్కువగా. గంధం నూరి నూరి కాయలు కాచిన చేతులు కూడా చూపించింది. భీముడు మొదట గడువు అడిగాడు. అజ్ఞాతవాసం ముగియడానికి ఇంకెన్నో రోజులు లేవు, ఓర్చుకో అన్నాడు. ఆమె వాయిదాకు ఒప్పుకోలేదు.